పైకి నునుపు, లోపల డొల్ల



రాగి సంగటి కెలకడం మీరంతా చూసే ఉంటారు. కుండలో పిండి నీరులా పారదు. మెత్తబడి, తెడ్డు వెంట తిరిగి ఒక్కటవుతుంది. కెలకడం చాలకపోతే ముద్ద పైకి నున్నగానే ఉంటుంది, విరిస్తే లోపల పచ్చిపిండి ఉండలు!

1991లో ఇంగ్లండులోని వెల్డింగ్ ఇన్‌స్టిట్యూట్ వారు లోహాన్ని ఇలాగే అతికే పద్ధతి కనిపెట్టారు. దాని పేరు ఫ్రిక్షన్ స్టర్ వెల్డింగ్. రెండు అల్యూమినియం పలకలను ఆనించి బిగిస్తారు. గిర్రున తిరిగే ఉక్కు మొనను వాటి సందులోకి దించి ముందుకు నడుపుతారు. అల్యూమినియం కరగాలంటే 660 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. రాపిడికి అంత వేడి పుట్టదు. లోహం కరగకుండానే మెత్తబడి కలిసిపోతుంది. 1999లో ఇలా అతికిన భాగంతో అమెరికావారి డెల్టా రాకెట్ ఎగిరింది.

అల్యూమినియం మిశ్రలోహంలో సిలికాన్ కార్బైడ్ రేణువులు కలిపి కాంపోజిట్ తయారుచేస్తారు. అది త్వరగా అరగదు. దాన్ని కరిగించి అతికితే రేణువులు లోహంతో చర్య జరిపి పెళుసైన అల్యూమినియం కార్బైడ్ ఏర్పడవచ్చు. అందుకని కరిగించని పద్ధతే మేలు. కానీ అక్కడే ఒక చిక్కుంది. ఆ రేణువులు సానరాయిలా మొననే అరగదీస్తాయి. అరిగిన మొన లోహాన్ని సరిగా కలపలేదు. అప్పుడు అతుకు పొడుగునా లోపల సొరంగం మిగులుతుంది. మొనను మరీ త్వరగా నడిపితే వేడి చాలక అదే జరుగుతుంది. వేడి మితిమీరితే లోహం అంచుల వెంట పైకి పొంగుతుంది. ఇది కంటికి కనబడుతుంది. సొరంగాన్ని ఎక్స్‌రే పట్టిస్తుంది. అన్నిటికన్నా ప్రమాదకరమైనది మరొకటి ఉంది. అందులో అంచులు ఒకదాన్నొకటి తాకుతాయి, కానీ ఏకం కావు. దాన్ని ఎక్స్‌రే కూడా పట్టలేకపోవచ్చు.

నా దగ్గర చదువుకుని వర్క్‌షాపులో చేరిన కుర్రవాడొకడు మొన్న అలాంటి ముక్క తెచ్చాడు. అతుకు అద్దంలా ఉంది. బిగించి వంచితే అడుగునుంచి నోరు తెరిచింది. “పైకి బాగుంది కదా, పంపెయ్యమంటున్నారు సార్” అన్నాడు.

“ఆ విరిగిన ముక్కనే వాళ్ల బల్లమీద పెట్టు. మొన ఎన్ని మీటర్లు నడిచిందో పుస్తకంలో రాసుకో. అరిగిందంటే మార్చమని అడుగు. ప్రతి విడతలో ఒక ముక్క కోసి, వంచి చూడు” అన్నాను. ఉద్యోగానికి భయపడ్డాడు. ఆ భయం నాకూ అర్థమయింది. అయినా మర్నాడు ముక్క తీసుకునే వెళ్ళాడు.

మీ పిల్లలు కూడా ఫ్యాక్టరీలలో పనిచేస్తూ ఉండవచ్చు. ఇంటికొచ్చినప్పుడు జీతం సంగతితోపాటు ఈ సంగతి కూడా అడగండి. ఆ అతుకు మీద ఎవరి ప్రాణం ఆధారపడి ఉందో మనకు తెలియదు.

సెలవు.