చేప యెవరి సొత్తు?

(ఏలూరు పఠనమందిరమున గావించిన ప్రసంగము)



"చచ్చినవారి వాదములు బ్రదికియున్న మనకేల?" యని తాడేపల్లిగూడెమునుండి వచ్చిన మిత్రులొకరు మమ్మడిగిరి. రాజకీయ భావముల చరిత్ర యేల చదువవలెనను ప్రశ్నకు మన కొల్లేరే సమాధానము చెప్పుచున్నది.

1999లో కొల్లేరు అయిదవ కాంటూరు వరకు అభయారణ్యముగా ప్రకటింపబడెను. 2006లో అందలి చేపలచెరువుల గట్లు తెగగొట్టబడెను. నాటినుండి మూడు వాదములు మన చెవి సోకుచున్నవి. సరస్సు ప్రభుత్వముదని యొకరు, చెమటోడ్చి చెరువు త్రవ్వినవారిదని వేరొకరు, పక్షులకును ముందుతరములకును చెందినదని మరియొకరు.

ఇవి నిన్న మొన్న పుట్టినవి కావు. నీటికట్టడములలోని చేపలపై స్వామ్యము రాజుదే యని కౌటిల్యుడు అర్థశాస్త్రమున శాసించెను. సముద్రమున చేపను పట్టినవాని శ్రమయే దానిని వాని సొత్తుగా జేయునని 1689లో వెలువడిన గ్రంథమున ఆంగ్లతత్త్వవేత్త జాన్ లాక్ వాదించెను. అయితే ఇతరులకును చాలినంత, అంత మంచిదియే మిగులవలెనని కట్టడి పెట్టెను. సమాజము గతించినవారికి, బ్రదికియున్నవారికి, పుట్టబోవువారికి నడుమ భాగస్వామ్యమని 1790లో ఎడ్మండ్ బర్క్ వ్రాసెను.

చరిత్ర యీ వాదముల గుణమునే గాక దోషమును గూడ జూపును. ప్రభుత్వ స్వామ్యమను పేరుననే 1882 మద్రాసు అటవీచట్టము మన్యపువారిని తమ యడవికే పరాయివారిని జేసెను. 1922లో అల్లూరి సీతారామరాజు లేవదీసిన పితూరికి అటవీ నిర్బంధములొక హేతువు. శ్రమవాదము నాధారము చేసికొనియే తెల్లవలసదారులు అమెరికా ఆదివాసుల భూములను కబళించుటను సమర్థించుకొనిరి. వారసత్వపు మాటతోనే బర్క్ ఫ్రెంచి విప్లవమును నిరసించి ప్రభువర్గముల పక్షము వహించెను.

కావున న్యాయవాదులమైన మేము కక్షిదారులకు చెప్పు మాటనే మీకును చెప్పెదము: పత్రము పూర్తిగా చదువక సంతకము చేయకుడు. లాక్ వాదమున మొదటి సగము పలికి రెండవ సగము మ్రింగువారు మనలో కలరు. చెరువు త్రవ్విన చెమట యజమానిదా, కూలివారిదా? వలయు దోనెయు తప్ప వేరాస్తి లేని జాలరికి చాలినంత మిగిలినదా? పక్షుల పేర తొలగిపొమ్మనువారు ఆ కుటుంబమునకు కూడు చూపిరా? చూపమన్నచో ప్రభుత్వము ఏ హక్కున కాదనును?

ఇట్లు ప్రశ్నింప నేర్చుటకే యీ చదువు. కొల్లేటి ముచ్చట మరల సభకు రాకపోదు. చేయి యెత్తుటకు ముందు ఆ గ్రంథములలో ఒక్కటైనను, రెండవ సగముతో గూడ, చదువుడు.