గవ్వలో విషం, విషంలో మందు



పోదనూరు నుంచి రామేశ్వరం యాత్రకు వెళ్ళినవారు పిల్లలకు గవ్వలు, శంఖాలు కొని తెస్తూ ఉంటారు. దుకాణంలో కొన్న ఖాళీ గవ్వతో భయం లేదు. నీటి అంచున ప్రాణంతో కనిపించే శంకు ఆకారపు నత్తతోనే జాగ్రత్త. మన్నారు సింధుశాఖలో ఈ జాతులు చాలా ఉన్నాయి.

మెల్లగా పాకే నత్త చురుకైన చేపను ఎలా పట్టగలదు? చేపలను తినే శంకునత్తలు బాణంలాంటి బోలు పంటితో విషం గుచ్చి, క్షణాల్లో చేపను కదలకుండా చేస్తాయి. కొన్ని జాతుల విషం మనిషి ప్రాణమూ తీయగలదు. దానికి విరుగుడు మందు లేదు.

ఫిలిప్పీన్స్‌లో పుట్టిన శాస్త్రవేత్త బాల్డొమెరో ఒలివెరా బృందం ఈ విషాలను ఏళ్ళ తరబడి పరిశోధించింది. ఒక నత్త విషంలోని చిన్న ప్రోటీను ముక్క, వెన్నుపాములో నొప్పి కబురు ముందుకు పోకుండా అడ్డుకుంటుందని తేలింది. దాన్నే ప్రయోగశాలలో తయారుచేశారు. జికోనోటైడ్ అనే ఆ మందుకు 2004లో అమెరికాలో అనుమతి లభించింది. మార్ఫిన్‌కు కూడా లొంగని నొప్పికి దీన్ని వెన్నులోని ద్రవంలోకి ఎక్కిస్తారు. మార్ఫిన్‌లా ఇది వ్యసనం కాదు. అయితే మతి భ్రమించే ప్రమాదం ఉంది కనుక వైద్యులు కొద్దికొద్దిగానే మోతాదు పెంచుతారు.

విషాన్ని మందుగా మార్చడం శాస్త్రజ్ఞుల పని. మన పని, ప్రాణమున్న నత్తను ముట్టకపోవడం, పిల్లలను ముట్టనివ్వకపోవడం. ఒకవేళ గుచ్చుకుంటే, నొప్పి లేకపోయినా సరే, ఆ చేతిని కదలనివ్వకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చండి.