అందరి కంప్యూటర్‌లో ఒక ఫోన్

 

నేను గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్‌ని. టీచర్ ట్రైనింగ్ అయినదాన్ని కాబట్టి సాయంత్రం పూట లెక్కలు, సైన్సు కూడా చెబుతాను. నన్ను మాట్లాడమంటే తీజ్ పాటల గురించో, మన అద్దాల రవికల గురించో చెబుతానని మీరు అనుకుని ఉంటారు. ఈరోజు మాత్రం ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ గురించి చెప్పబోతున్నాను. నవ్వకండి. చివరికి పాటల దగ్గరికే వస్తాను.

మన గుంటూరు, ప్రకాశం వైపు సంగతి మీకు తెలిసిందే. పత్తి తీతలు, ఆ వెనకే మిరపకోతలు. సంక్రాంతి దాటాక మన ఇళ్లలో పగలు పెద్దవాళ్లు కనపడరు. చాలా ఇళ్లలో ఫోన్ ఒక్కటే ఉంటుంది. అది అమ్మ కొంగు ముడిలోనో, నాన్న జేబులోనో చేనుకి పోతుంది. 2020లో బళ్లు మూసి ఆన్‌లైన్ పాఠాలు అన్నప్పుడు ఎంతమంది పిల్లలు ఆ ఒక్క ఫోన్ కోసం రాత్రి దాకా కాచుకున్నారో నాకు తెలుసు. హాస్టల్లో పిల్లలకు ఫోన్లు ఉండవు, ఉండకూడదు కూడా. కానీ ఆఫీసు గదిలో ఒక డెస్క్‌టాప్ ఉంది. మీ ఊరి గ్రంథాలయంలోనో, సంఘం ఆఫీసులోనో అలాంటిది ఒకటి ఉండవచ్చు. పాఠాల యాప్ ఫోన్‌లోనే నడుస్తుంది, మన దగ్గరేమో కంప్యూటర్ ఉంది. ఈ రెంటినీ కలిపేదే ఎమ్యులేటర్.

ఎమ్యులేటర్ అంటే ఏమిటి? కంప్యూటర్ అనే ఇంట్లో ఒక గదిని ఫోన్‌కి అద్దెకివ్వడం అనుకోండి. విండోస్ ఇంటి ఓనరు, ఆండ్రాయిడ్ అద్దెకొచ్చిన మనిషి. గది వేరే అయినా నీళ్ల ట్యాంకు ఒక్కటే. ఆ ట్యాంకే ర్యామ్. అద్దెవాళ్లు ఎక్కువ వాడితే ఓనరుకి నీళ్లు రావు. కంప్యూటర్ ఊరికే ఆగిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. ఇంకో చిక్కు భాషది. ఫోన్లలో ఎక్కువగా ఆర్మ్ రకం ప్రాసెసర్ ఉంటుంది, డెస్క్‌టాప్‌లో ఎక్కువగా ఇంటెల్ లేదా ఏఎండీది. ఈ రెండూ వేర్వేరు భాషలు. కాబట్టి ఫోన్ కోసం రాసిన కొన్ని యాప్‌లను అప్పటికప్పుడు తర్జుమా చేసి నడపాలి. ఆ పనికి ఓపిక గల యంత్రం కావాలి.

అందుకే నా మొదటి మాట: ఎమ్యులేటర్ వేసే ముందు అది అవసరమా అని చూడండి. దీక్షా పాఠాలు యాప్‌లోనే కాదు, వెబ్‌సైట్‌లోనూ ఉన్నాయి. స్వయం కోర్సులు, యూట్యూబ్ పాఠాలు, ఉద్యోగాల దరఖాస్తులు, స్కాలర్‌షిప్ కోసం చూసే జ్ఞానభూమి, ఇవన్నీ మామూలు బ్రౌజర్‌లోనే తెరుచుకుంటాయి. ఇంట్లో ఫోన్ ఉంటే వాట్సాప్‌ను కంప్యూటర్‌కు జత చేసుకోవచ్చు. వీటి కోసం ఎమ్యులేటర్ వేయడం మంచినీళ్ల బిందె తేవడానికి ట్రాక్టర్ కట్టినట్టు.

రెండో మాట: డబ్బు పనులకు ఎమ్యులేటర్ వద్దు. యూపీఐ యాప్‌లు మీ సిమ్ ఉన్న ఫోన్‌నే అడుగుతాయి. కంప్యూటర్‌లో సిమ్ ఉండదు. బ్యాంకు యాప్‌లు చాలావరకు ఎమ్యులేటర్‌ను గుర్తుపట్టి పనిచేయవు. ఎవరైనా వీడియోలో అడ్డదారి చూపిస్తే ఆ దారిన పోకండి. పదిమంది కూర్చునే కంప్యూటర్‌లో అమ్మ కూలి డబ్బుల ఖాతా తెరవకూడదు.

మరి ఎప్పుడు అవసరం? యాప్ తప్ప వెబ్‌సైట్ లేనప్పుడు. లేదా మీరే ఒక యాప్ తయారుచేసి, అది ఫోన్‌లో ఎలా కనపడుతుందో చూసుకోవాలనుకున్నప్పుడు. అప్పుడు ముందు యంత్రాన్ని చూడండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ అనే చోట మెమరీ నొక్కితే ర్యామ్ ఎంతో తెలుస్తుంది. సీపీయూ నొక్కితే కింద వర్చువలైజేషన్ అని ఉంటుంది. అక్కడ ఎనేబుల్డ్ అని ఉంటే మంచిది. డిసేబుల్డ్ అని ఉంటే కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడే ఎఫ్ 2, ఎఫ్ 10, డిలీట్ లాంటి మీట నొక్కి బయాస్‌లోకి వెళ్లాలి. ఏ మీట అనేది కంపెనీని బట్టి ఉంటుంది. అక్కడ ఇంటెల్ అయితే ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ అని, ఏఎండీ అయితే ఎస్‌వీఎం మోడ్ అని ఉంటుంది. దాన్ని ఆన్ చేసి, సేవ్ చేసి బయటికి రావాలి. అక్కడ వేరే ఏదీ కదపకండి. అది ఆఫీసు కంప్యూటర్ అయితే బాధ్యుణ్ణి అడగకుండా అసలు ముట్టుకోకండి.

ఇక ఎంపిక. బ్లూస్టాక్స్ 5 కనీసం 4 జీబీ ర్యామ్, 5 జీబీ ఖాళీ జాగా అడుగుతుంది. అది కనీసం మాత్రమే. సుఖంగా నడవాలంటే 8 జీబీ ఉండాలి, హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ ఉంటే ఇంకా మంచిది. 4 జీబీ కంటే తక్కువ ఉన్న పాత యంత్రం మీద ఆశ పెట్టుకోకండి. ఎల్‌డీప్లేయర్, మీము, నాక్స్ లాంటివి ఎక్కువగా ఆటలాడేవాళ్ల కోసం తయారైనవి. గూగుల్ ప్లే గేమ్స్ పేరులోనే ఆటలున్నాయి. మన పని ఆటలు కాదు. ఆడుకోవద్దని అనడం లేదు. కానీ హాస్టల్ కంప్యూటర్ మీద ఒక్కరు గంటసేపు ఆడితే ఇంకొకరి దరఖాస్తు ఆగుతుంది.

యాప్‌లు తయారుచేయడం నేర్చుకునే వాళ్లకు ఆండ్రాయిడ్ స్టూడియోతో పాటు గూగుల్ ఇచ్చే ఎమ్యులేటర్ ఉంది. ఉచితమే. కానీ ఎమ్యులేటర్‌తో కలిపి 16 జీబీ ర్యామ్ అడుగుతుంది. ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో ఉన్నవాళ్లకు అది సరిపోతుంది. ఉబుంటు లాంటి లినక్స్ వాడేవాళ్లకు వేడ్రాయిడ్ అని ఒకటుంది. విండోస్ 11లోనే ఆండ్రాయిడ్ యాప్‌లు వస్తాయని చెప్పే పాత వీడియోలు ఇంకా తిరుగుతున్నాయి. వాటిని నమ్మకండి. మైక్రోసాఫ్ట్ ఆ సదుపాయాన్ని 2025 మార్చి 5తో ఆపేసింది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి.

మూడేళ్ల కిందట మా పిల్లలు సంక్రాంతి సెలవులకు ఇళ్లకు పోతుంటే ఒక పని చెప్పాను. మీ తండాలో, మీ కాలనీలో పెద్దవాళ్లు పాడే పాటలు, చెప్పే కథలు ఇంట్లో ఫోన్‌తో రికార్డు చేసుకుని రండి అన్నాను. తెచ్చారు. నలభైకి పైగా అయ్యాయి. విసుర్రాయి తిప్పుతూ పాడిన పాట ఉంది, పెళ్లికూతురు పుట్టిల్లు విడిచేటప్పుడు ఏడ్చే ఏడుపు ఉంది, ఎరుకల సోది ఉంది. అన్నీ ఆఫీసు కంప్యూటర్‌లోకి ఎక్కించాం. ఫోన్లలో జాగా లేదని అక్కడ తీసేశారు.

ఆ వేసవిలో ఒక పాఠాల యాప్ కోసం నేనే ఎమ్యులేటర్ వెతికాను. వెతకగానే పైన వచ్చిన దాని మీద నొక్కాను. అది ప్రకటన అని చూసుకోలేదు. ఫైలు దిగింది, ఎస్ ఎస్ అని నొక్కుకుంటూ పోయాను. మర్నాటికి తెర నిండా ప్రకటనలు, కంప్యూటర్ కదలదు. బాగుచేసే అబ్బాయి వచ్చి మొత్తం తుడిచేసి కొత్తగా విండోస్ వేసి వెళ్లాడు. అందులో పాటలున్నాయని అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది నేను. ఆ అబ్బాయిది తప్పు లేదు.

విసుర్రాయి పాట పాడిన అవ్వ అప్పటికే పోయింది. ఆమె మనవరాలు మా హాస్టల్లోనే ఉంది. ఒకరోజు వచ్చి, 'మేడం, మా అవ్వ గొంతు ఒక్కసారి వినిపిస్తారా' అని అడిగింది. నేను ఏం చెప్పానో నాకు గుర్తులేదు. ఆ పిల్ల మొహం మాత్రం గుర్తుంది.

అందుకే ఎక్కించే పద్ధతి కొంచెం వివరంగా చెబుతాను. మీ చేతిలో పేపరు ఉంటే రాసుకోండి.

మొదట, కంప్యూటర్‌లో ఉన్న ముఖ్యమైనవన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఒక నకలు, వేరే చోట ఇంకో నకలు తీయండి. ఇది అయ్యేదాకా ఇంకేమీ ముట్టుకోవద్దు.

రెండు, తయారుచేసిన కంపెనీ సొంత వెబ్‌సైట్ నుంచే ఫైలు దించండి. వెతికినప్పుడు పైన వచ్చేవాటికి పక్కనే స్పాన్సర్డ్ అని ఉందేమో చూడండి. స్నేహితుడు టెలిగ్రామ్‌లో పంపిన 'లైట్ వెర్షన్' వద్దు. సొంత సైట్ అయినా కళ్లు తెరుచుకునే ఉండాలి. నాక్స్ అప్‌డేట్‌లు వచ్చే దారిలో దొంగలు చొరబడి కొందరి కంప్యూటర్లలోకి చెడ్డ ప్రోగ్రాములు పంపారని ఈసెట్ అనే భద్రతా సంస్థ 2021 ఫిబ్రవరిలో బయటపెట్టింది. కాబట్టి విండోస్‌తో వచ్చే యాంటీవైరస్‌ను ఎప్పుడూ ఆపకండి. దాన్ని ఆపితేనే ఎక్కుతుంది అని చెప్పే ఫైలును అక్కడే వదిలేయండి.

మూడు, ఎక్కించేటప్పుడు ప్రతి తెరనూ చదవండి. వేరే బ్రౌజరో, వేరే యాప్‌లో కూడా ఎక్కిస్తానంటే టిక్కు తీసేయండి.

నాలుగు, సెట్టింగ్స్‌లో పెర్ఫార్మెన్స్ దగ్గర ర్యామ్ పంపకం చేయండి. ఉన్నదాంట్లో సగానికి మించి ఇవ్వకండి. 8 జీబీ ఉంటే 4, 4 జీబీ ఉంటే 2. ప్రాసెసర్ కోర్లు రెండు చాలు. ఇంటి ఓనరుకీ నీళ్లు మిగలాలి.

ఐదు, ప్లేస్టోర్‌కు జీమెయిల్ కావాలి. మీ సొంత ఖాతా పెట్టకండి, చిన్నపిల్లల పేరుతో తెరవకండి. బాధ్యుల పేరుతో ఆ పనికే ఒక ఖాతా తెరవండి. ఆధార్ ఫొటోలు, మార్కుల జాబితాలు అందులో దాచకండి.

ఆరు, యాప్‌లు ప్లేస్టోర్ నుంచే దించండి. పాటలు వినిపించే యాప్ కాంటాక్ట్స్ చూస్తానంటే, ఎందుకని అడగండి. ఇవ్వనని నొక్కితే ఏమీ కాదు.

ఏడు, పని అయ్యాక ఎమ్యులేటర్ మూసేయండి. వెనక నడుస్తూ ఉంటే తరవాత వచ్చినవాళ్లకు కంప్యూటర్ నెమ్మదిగా ఉంటుంది.

ఇంతే. మొదటిసారి గంట పడుతుంది.

పాటల దగ్గరికి వస్తానన్నాను కదా. మన గోర్ బోలికి, ఎరుకల భాషకు బళ్లో నేర్పే లిపి లేదు. మన పిల్లలు యాడి, బాటి, పాణి అని ఇంట్లో అంటారు, బడిలో అమ్మ, రొట్టె, నీళ్లు అని రాస్తారు. ఇంట్లో మాట వినపడే చోటు తగ్గిపోతోంది. ఎమ్‌ఐటీ యాప్ ఇన్వెంటర్ అని ఒకటుంది. 2010లో గూగుల్‌లో మొదలై తరవాత అమెరికాలోని ఎమ్‌ఐటీ విశ్వవిద్యాలయానికి వెళ్లింది. అందులో కోడ్ రాయనక్కర్లేదు, చిన్నపిల్లల బొమ్మల ముక్కల్లా ముక్కలు అతికిస్తూ బ్రౌజర్‌లోనే యాప్ తయారుచేయవచ్చు. చేతిలో ఫోన్ లేనివాళ్లు పరీక్షించుకోవడానికి వాళ్లే ఒక ఎమ్యులేటర్ ఇస్తారు. తెలుగు లిపిలో ఒక మాట, పక్కన ఒక బొమ్మ, నొక్కితే అవ్వ గొంతు. అంతకంటే పెద్ద యాప్ మనకు మొదట అక్కర్లేదు. మా తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరు ఇరవై మాటలతో ఒకటి చేశారు. నొక్కితే మాట పలికింది. గదిలో ఉన్నవాళ్లంతా మళ్లీ మళ్లీ నొక్కించారు.

కాలేజీల్లో చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మిమ్మల్ని ఒకటే అడుగుతున్నాను. ఈ మిరపకోతలు అయ్యాక ఇంటికి వెళ్లినప్పుడు మీ అవ్వ దగ్గర కూర్చుని పది నిమిషాలు రికార్డు చేయండి. పేరు, ఊరు, తేదీ రాసుకోండి. ఆమెను అడిగే రికార్డు చేయండి, అందరికీ వినిపించవచ్చా అని కూడా అడగండి. తరవాత రెండు చోట్ల దాచండి. మీకు దగ్గరలో ఉన్న హాస్టల్‌కు ఒక ఆదివారం వెళ్లి, అక్కడ కంప్యూటర్ చూసి, వార్డెన్ గారి అనుమతి తీసుకుని, నేను చెప్పినట్టు దాన్ని సిద్ధం చేసి పిల్లలకు నేర్పి రండి.

మా అవ్వ గొంతు వినిపిస్తారా అని ఇంకే పిల్లా అడిగినా, ఇదిగో విను అని చెప్పగలగాలి.