మనోళ్ళ పేర్లు ఏ రాయి మీద ఉన్నయి?

(శంషాబాద్ మండలంలోని ఒక దళితవాడలో తెలంగాణ సాయుధ పోరాట అమరుల సంస్మరణ సభ జరిగింది. అందులో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం ఇది.)

నెత్తిమీంచి విమానం పోయినప్పుడల్లా కొంచెం ఆగుతాను, ఏమనుకోకండి.

1946 నుంచి 1951 దాకా సాగిన పోరాటంలో నేలకొరిగినోళ్ళను తలుచుకుందామని ఇయ్యాల కూడినం. పుచ్చలపల్లి సుందరయ్య గారు రాసిన లెక్క ప్రకారం 4,000 మంది దాకా చనిపోయారు. 10,000 మందికి పైగా జైళ్ళ పాలైనారు. 3,000 ఊళ్ళల్ల దొరల పెత్తనం కూలింది. 10 లక్షల ఎకరాలు పంచిండ్రు.

ఆ 4,000 మందిలో మనకెన్ని పేర్లు తెలుసు? 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకికి బలైన కురుమ బిడ్డ దొడ్డి కొమరయ్య తెలుసు. ఈ పోరాటానికి ముందే దొర మీద కోర్టుకెక్కి ప్రాణం పోగొట్టుకున్న షేక్ బందగీ తెలుసు. లంబాడి వీరుడు ఠానూ నాయక్ తెలుసు. బతికి నిలిచినోళ్ళల్ల, పండించిన గింజ గడికి పోనియ్యనన్న చాకలి ఐలమ్మ తెలుసు. ఈ పేర్లు కూడా ఊరికే నిలవలేదు. వాళ్ళ వాళ్ళు, కళాకారులు ఊరూరా చెప్పుకుంటూ తిరిగితే నిలిచినయి. ఐలమ్మ 1985లో పోయింది. కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టింది 2024లో. 39 ఏండ్లు పట్టింది.

మరి మాల, మాదిగల పేర్లు? సభలో ఎవరన్నా లేచి ఒక్కటి చెప్పండి, నేను కూసుంటాను.

మనోళ్ళు లేకుంటనే పోరాటం నడిచిందా? వెట్టి ఎవరు చేసిండ్రు? దొరకు చెప్పులు కుట్టిందెవరు, మోటకు తోలు బొక్కెన ఇచ్చిందెవరు, పటేలు కబురును చీకట్ల పక్కూరికి మోసిందెవరు? ఆ మోసిన కాళ్ళే సంఘం కబురు కూడా మోసినయి. ఊరును కూడగొట్టిన డప్పు ఎవరిది? గుత్పలు పట్టినోళ్ళల్ల, వడిసెల రాళ్ళు ఏరినోళ్ళల్ల, దళానికి సద్ది మోసినోళ్ళల్ల మన అవ్వలు, తాతలు ఉన్నరు. దళ నాయకుడి పేరు పుస్తకంలకెక్కింది. సద్ది మోసినామె పేరు ఆమె బొందతోనే పోయింది.

ఇది మరుపు వల్ల జరిగిందని నేననుకోను. కాయితం వల్ల జరిగింది. కేంద్ర ప్రభుత్వం 1972లో స్వాతంత్ర్య సమరయోధులకు పింఛను పెట్టింది, 1980లో దాన్నే స్వతంత్రతా సైనిక్ సమ్మాన్ అన్నది. హైదరాబాదు పోరాటం కూడా అందులకొచ్చింది. మంచిదే. కానీ నిబంధన చూడండి. 6 నెలల జైలుకు రికార్డు తేవాలె. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్ళకు 3 నెలలు చాలన్నరు, అంతవరకు దయ. అజ్ఞాతంలో ఉన్ననంటే వారెంటు ఉండాలె, లేదా తల మీద రివార్డు ప్రకటించి ఉండాలె. అవేవీ దొరకకపోతే పేరున్న సమరయోధుడి సర్టిఫికెట్ పట్టుకురావాలె. పొలం గట్టు మీద కొట్టి చంపిన జీతగాడికి వారెంటు ఎవరు రాసిండ్రు? వాని పెండ్లాం ఎవరి గుమ్మం ముందు నిలబడి సర్టిఫికెట్ అడగాలె? ఎక్కువగా చదువుకున్న రెడ్డి, వెలమ, బ్రాహ్మణ నాయకుల గుమ్మం ముందే. వాళ్ళల్ల నిజమైన త్యాగం చేసినోళ్ళున్నరు, కాదనను. అయినా గుమ్మం గుమ్మమే.

మా ఇంట్ల కాయితం చదివిన మొదటోణ్ణి నేను. అందుకే ఈ సంగతి నన్ను కుదురుగ ఉండనియ్యదు. ఇక్కడ విమానాశ్రయం కోసం దాదాపు 5,500 ఎకరాలు తీసుకున్నరు, 2008 మార్చిలో విమానాలు మొదలైనయి. భూసేకరణ అప్పుడు నడిచింది 1894 నాటి చట్టం. పట్టా ఉన్నోనికి పరిహారం, ఆ భూమి మీద కూలి చేసినోనికి వట్టి చేతులు. 2013 చట్టం వచ్చినంక గాని కూలీని కూడా నష్టపోయినోడని రాసుకోలేదు. పింఛను కాడ జరిగిందే భూమి కాడ కూడా జరిగింది.

పేరు రాయి మీద ఉంటే ఏమైతదో చూడండి. మహారాష్ట్రలో కోరేగావ్ కాడ 1818 జనవరి 1న పేష్వా సైన్యంతో యుద్ధం జరిగింది. కంపెనీవాడు కట్టిన స్తంభం మీద 49 పేర్లున్నయి. అందులో 22 మహర్లవి. మన మీద ప్రేమతో చెక్కలేదు. అదే తెల్లోడు 1890లల్ల మహర్లను పల్టన్‌లోకి తీసుకోవడమే మానేసిండు. అయినా పేరు చెక్కి ఉండబట్టే 1927 జనవరి 1న అంబేడ్కర్ పోయి ఆ రాయి ముందు నిలబడగలిగిండు. ఢిల్లీలో 2019లో తెరిచిన జాతీయ యుద్ధ స్మారకంలో 25 వేలకు పైగా సిపాయిల పేర్లు గ్రానైటు మీద ఒక్కొక్కటిగ చెక్కిండ్రు. సిపాయికి ఆ గౌరవం దక్కాల్సిందే. మన ఊళ్ళల్ల ఎర్ర స్థూపాల మీద మాత్రం చాలాచోట్ల 'అమరవీరులకు జోహార్లు' అని ఉంటది. ఎవరా అమరవీరులు?

ఇగ సెప్టెంబర్ 17 వస్తే జెండాల పంచాయితి. 2022లో కేంద్రం విమోచన దినమన్నది, రాష్ట్రం సమైక్యతా దినమన్నది. 2024లో కొత్త సర్కారు ప్రజాపాలన దినమన్నది. దినానికి మూడు పేర్లు దొరికినయి. చచ్చినోనికి ఒక్కటి దొరకలేదు.

శంషాబాద్‌ల కూసోని జనగామ ముచ్చటెందుకని ఒక తమ్ముడు అడిగిండు. మంచి ప్రశ్న. ఈ ఊరి పేరే పైగా నవాబు షంసుల్ ఉమ్రా మీద పడ్డదంటరు, నవాబు పేరు ఇంకా నడుస్తనే ఉన్నది కదా. అసలు జవాబేందంటే, ఈ చుట్టుపక్కల కిరాయి అర్రలల్ల ఉండి విమానాశ్రయంల ఊడ్చేటోళ్ళు, సామాను మోసేటోళ్ళు ఎంతమంది నల్లగొండ నుంచి, సూర్యాపేట నుంచి, జనగామ నుంచి వచ్చిండ్రు? ఆ పోరాటాన్ని కండ్లార చూసిన అవ్వలు వాళ్ళ వెంబడి వచ్చి ఈడనే మంచంల పడి ఉన్నరు. 1948లో పదేండ్ల పిల్లకు ఇప్పుడు తొంభై దగ్గర. ఆమె పోతే ఇంక అడగడానికి మనిషి లేదు.

కాబట్టి ఈ పదిహేను రోజుల్ల పని మొదలుపెడదాం. పదో తరగతి పిల్లలకు ఇద్దరికొక నోటుబుక్కు ఇస్తాను. ఇంటింటికి పోండి. చనిపోయినోళ్ళ పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, కులం, ఊరు, ఏ పని చేసేది, ఎట్ల పోయింది, అన్నీ రాయండి. కులం రాయడానికి సిగ్గుపడొద్దు. తారీఖు తెల్వకుంటే 'రజాకార్లు వచ్చిన ఏడు' అని అవ్వ ఎట్ల చెప్తే అట్లనే రాయండి, మీరు దిద్దకండి. పోరాటం చేసి ముసలితనంల పోయినోళ్ళను వేరే పేజీల రాయండి, రెండూ కలపొద్దు. సెల్‌ఫోన్ ఉన్నోళ్ళు అవ్వ గొంతు కూడా పట్టుకోండి.

రాయి మీద ముందు మాల పేరా, మాదిగ పేరా అని రేపు మనలోనే కొట్లాట వస్తది, నాకు తెలుసు. అక్షర క్రమంలో చెక్కుదాం, 'అ'తో మొదలుపెట్టి. రాయికి చందా అడగడానికి ఏ ఎమ్మెల్యే ఇంటికీ పోవద్దు. ఇస్తే పేరు పైన చెక్కమంటడు. నోటుబుక్కులు ఇగో ఈ బల్ల మీదున్నయి, పిల్లలు రావాలె.