ముదిరిన శుక్లానికి ఏ కటకం?

(నేత్రవైద్య శిబిరంలో ఒక కంటి వైద్యుని ప్రసంగ పాఠం)



శస్త్రచికిత్సకు వచ్చే పెద్దలు తరచుగా నన్ను అడిగే ప్రశ్న ఒకటున్నది: “అయ్యా, నాకు మంచి లెన్సే వేస్తారు గదా?” ఉచితంగా అమర్చేది నాసిరకమేమోనన్న భయం ఆ ప్రశ్న వెనుక ఉన్నది. ఆ భయంతో కొందరు అప్పు చేస్తారు. మరికొందరు సొమ్ము కూడేదాకా ఆగుతారు. ఈలోగా శుక్లం ముదిరిపోతుంది.

1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే వైద్యుడు తొలి కృత్రిమ కటకాన్ని కంటిలో అమర్చారు. యుద్ధంలో గాయపడిన వైమానికుల కళ్లలో గుచ్చుకున్న విమానపు ప్లాస్టిక్ తునకలను కన్ను సహించడం ఆయన గమనించారు. శిబిరాలలో వాడే గట్టి కటకం ఆ జాతి ప్లాస్టిక్‌తో చేసినదే. 1992లో మదురైలో ఆరోలాబ్ స్థాపితమైన పిమ్మట అది మన పేదలకు అందుబాటులోకి వచ్చింది.

శుక్లం రాయివలె గట్టిపడినప్పుడు దానిని అల్ట్రాసౌండ్ తరంగాలతో కంటిలోనే పగులగొట్టాలంటే అధిక శక్తి కావాలి. దానివలన నల్లగుడ్డు లోపలి సున్నితమైన కణాలు దెబ్బతినవచ్చు. అందుచేత పలువురు వైద్యులు సుమారు 6 మిల్లీమీటర్ల కోత ద్వారా శుక్లాన్ని వెలికితీస్తారు. గట్టి కటకం అదే దారిలో లోపలికి పోతుంది. సాధారణంగా కుట్లు అవసరముండవు. మడత కటకానికి 3 మిల్లీమీటర్ల లోపు కోత చాలును. దానివలన గాయం త్వరగా మానుతుంది. అయితే రెండింటితోనూ చక్కని చూపు వస్తుంది.

దూరానికీ దగ్గరకూ ఒకటే చాలునని చెప్పే మల్టీఫోకల్ కటకం విషయంలో జాగ్రత్త అవసరం. దట్టమైన శుక్లం అడ్డుండగా వెనుకనున్న రెటీనా మాకు కనబడదు. మధుమేహమో నీటికాసులో దానిని ముందే దెబ్బతీసి ఉంటే, ఆ ఖరీదైన కటకం చూపును మరింత మసక చేయవచ్చు. అట్టివారికి దూరపు చూపునకు సరిచేసిన మామూలు కటకమే క్షేమం. చదువుటకు కళ్లజోడు పెట్టుకుంటే సరిపోతుంది.

కనుక ధర అడుగుటకు ముందు మూడు సంగతులు అడగండి: కటకం పవరును స్కానుతో కొలిచారా? రెటీనా స్థితిని పరీక్షించారా? నా కంటికి ఏది తగును?

దాతలకు నా విన్నపమొకటి. కటకంతోపాటు ఆ కొలత పరీక్షకు, చుక్కల మందుకు, తదుపరి తనిఖీకి, కళ్లజోడుకు కూడా మీ చేయూత కావాలి. ఇవి లోపిస్తే ఎంత మేలైన కటకమైనా పూర్తి చూపునివ్వలేదు.

శుక్లం పండేదాకా ఆగవలెనన్నది పాతకాలపు మాట. మీ ఇంటి పెద్దలను నేడే పరీక్షకు తీసుకురండి.