ధర్మనిధికి ధర్మకర్తలెవరు?

(శతవార్షిక కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతవార్షిక సంవత్సరములో మన పెద్దలు కట్టిన ఆలయములను, పాఠశాలలను, ఆసుపత్రులను తలంచుకొని దేవుని స్తుతించుచున్నాము. వాటిని, వాటికి చేరిన ధర్మనిధులను కాపాడు ధర్మకర్తలు ఎవరిలోనుండి వచ్చుచున్నారను ప్రశ్నను కూడ ఈ సంవత్సరమే వేసికొనవలెనని నా మనవి.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయము మీకు తెలిసినదే. యెరూషలేము సంఘములో అనుదినము జరుగు పంపిణీలో గ్రీకుభాష మాట్లాడువారి విధవరాండ్రకు అన్యాయము జరిగినది. అపొస్తలులు ఆ సణుగును అణచివేయలేదు. ఇకమీదట జాగ్రత్తగా పంచెదమని చెప్పి ఊరుకొననూ లేదు. ఏడుగురిని ఏర్పరచుకొనుడని సంఘమునకే అప్పగించిరి. ఆ ఏడుగురి పేర్లు చదివి చూడుడి, అన్నియు గ్రీకు పేర్లే. వారిలో నీకొలాసు పుట్టుకతో యూదుడు కూడ కాడు; అంతియొకయ నుండి వచ్చిన మతప్రవిష్టుడు. ఎవరి విస్తరిలో కొరత పడినదో వారి పక్షపువారి చేతికే గరిటె ఇచ్చిరన్నమాట.

మన తెలుగునాట చరిత్రయు ఇదే నేర్పుచున్నది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో వి. ఎస్. అజరయ్యగారు దోర్నకల్ అధ్యక్షులుగా అభిషేకము పొందినప్పుడు, ఆంగ్లికను సంఘములో అట్టి పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. భారతీయునికి ఇంత బాధ్యత తగదని అడ్డు చెప్పినవారు ఆనాడు లేకపోలేదు. 2013లో నంద్యాల అధ్యక్ష మండలమునకు పుష్పలలితగారు అధ్యక్షురాలైనప్పుడు, దక్షిణ ఇండియా సంఘములో స్త్రీకి ఆ స్థానము మొదటిసారి దక్కినది. "వీరికి అనుభవము లేదు" అను మాట ప్రతి తరములోను వినబడినది. బాధ్యత ఇవ్వక అనుభవము ఎక్కడనుండి వచ్చును?

మన కమిటీలను చూచుకొందము. తరచుగా నాలుగైదు కుటుంబముల పేర్లే తిరిగి తిరిగి కనబడును. వారు చేసిన సేవకు కృతజ్ఞులము. అయితే హాస్టలు నిధిని చూచు కమిటీలో హాస్టలులో చదివి పైకి వచ్చినవారు ఒక్కరైనను లేకపోతే, పిల్లల పప్పు పలుచనైన సంగతి ఎవరు చెప్పుదురు? కూలి చేయు తల్లి, కోయ, లంబాడా సంఘముల విశ్వాసి, వికలాంగుడైన సహోదరుడు, ఇరువది అయిదేండ్ల యువతి, వీరు దానము పుచ్చుకొనుటకే గాని దానిని నడుపుటకు పనికిరారా?

లెక్కలు రావందురా? 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలలో మూడవవంతు స్థానములను స్త్రీలకిచ్చినది; తరువాత మన రెండు రాష్ట్రములలో అది సగమైనది. పొదుపు సంఘములో తీర్మానము వ్రాసి, బ్యాంకులో సంతకము చేసి, అప్పు వసూలు చేయు స్త్రీలు మన స్త్రీల మైత్రిలో నిండుగా ఉన్నారు. ఊరికి పనికివచ్చిన నేర్పు గుడికి పనికిరాదా?

పిలిచిన మాత్రమున చాలదు, దారి వేయవలెను. పనిదినమున కూటము పెట్టినయెడల కూలివాని దినభత్యము పోవును. ఆదివారము ఆరాధన తరువాత పెట్టుడి. బస్సు చార్జీ నిధినుండి ఇయ్యుడి. కాగితములు తెలుగులో వ్రాసి, చదివి వినిపించుడి. పదవీకాలమునకు హద్దు పెట్టుడి. ఏటేట ఇద్దరు యౌవనస్థులను కూర్చుండబెట్టి పని నేర్పుడి. సంతకము చేయువాడు చట్టము ఎదుట జవాబుదారి గనుక నియమములను ముందుగానే బోధించుడి. విదేశీ విరాళముల చట్టమునకు 2020లో జరిగిన సవరణ ప్రకారము అట్టి సొమ్ములో నూటికి 20 రూపాయలకు మించి పరిపాలనకు ఖర్చు చేయరాదు. ఇట్టివి తెలియక సంతకము చేయించుట అన్యాయము.

క్రొత్తగా వచ్చువారికి కూడ ఒక మాట. మీ పేట నుండి వచ్చినను మీరు మీ పేటకు మాత్రమే ధర్మకర్తలు కారు. మీ బంధువు కాంట్రాక్టు అడిగినప్పుడు లేచి బయటికి వెళ్లుడి. అర్థము కాని లెక్కను అడిగి తెలిసికొనుడి. అడుగుటకే మిమ్మును పిలిచిరి. తలయూపుటకు మాత్రమే కూర్చుండబెట్టినయెడల ఆ కుర్చీ వలన మీకును సంఘమునకును మేలు లేదు.

ఈ నిధులలో మన అవ్వల పిడికెడు బియ్యము కూడ ఉన్నది. వండబోవు పూట కుండలోనుండి తీసి దేవునికని దాచిన బియ్యమది. ఆ అవ్వల మనుమలు, మనుమరాండ్రు దాని లెక్క చూచుటకు పిలువబడుదురు గాక. రాబోవు ఎన్నికలలో మీ ప్రక్క బల్లమీద కూర్చున్నవారి పేరు మీరే ప్రతిపాదించుడి. దేవుడు మిమ్మును దీవించును గాక.