తూటాల సంచి కథ

యుద్ధమంటే అందరికీ తుపాకులే గుర్తొస్తాయి. కానీ తూటాలు మోయడం సైనికుడికి అంతకన్నా చిన్న పనేమీ కాదు. దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధంలో బ్రిటిష్ సైనికుల తోలు సరంజామా వానకు నాని, ఎండకు బిర్రబిగిసి నానా అవస్థ పెట్టింది. అందుకే 1908లో మందపాటి నూలు పట్టీలతో కొత్తది తెచ్చారు. బెల్టుకు ముందువైపు చెరో పక్కా అయిదేసి సంచులు. ఒక్కో సంచిలో మూడు క్లిప్పులు, క్లిప్పుకు అయిదు తూటాలు. వెరసి 150! అంత బరువూ భుజాలకు, నడుముకు సర్దుకునేది. మొత్తాన్ని చొక్కా విప్పినట్టు ఒక్కసారే విప్పేయొచ్చు. ఎంత ముందుచూపు!

1914లో మొదటి ప్రపంచ యుద్ధపు కందకాల్లో కొత్త చిక్కొచ్చింది. గట్టుకు ఆనుకొని కాలుస్తుంటే ఎడమవైపు సంచుల మూతలు ఊడి తూటాలు జారిపోయేవి. వాటికి అదనంగా పట్టీలు కుట్టాల్సి వచ్చింది.

ఆ తర్వాత వచ్చిన 1937 నమూనా సరంజామాలో చిన్న సంచులు పోయి, బ్రెన్ అనే తేలికపాటి మెషిన్ గన్ మ్యాగజైన్లు పట్టే పెద్ద సంచులు రెండే మిగిలాయి. బ్రెన్ పేల్చేది ఒకరే అయినా, దాని మ్యాగజైన్లు దళంలో తలా కొన్ని మోసేవారు. సొంత రైఫిల్ కోసం 50 తూటాల గుడ్డ పట్టీ భుజాన వేసుకునేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో మన భారత సైనికులూ ఈ సంచులే మోశారు.